షట్టర్ బరువెక్కింది, సగంలో వదిలితే జారుతోంది. డీజిల్ పోయాలా, స్ప్రింగు బిగించాలా?

పానగల్లు_పొద్దు (నల్లగొండ) · జూన్ 9, ఉదయం 7:40

అందరికీ నమస్తే. మాది నల్లగొండ, పానగల్లు వైపు. రెండేళ్ల కింద కొన్న పాత ఇల్లు. కింద కారు షెడ్డు, పక్కనే మెట్లు, పైన మేముంటాం. షెడ్డుకు 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఇనుప షట్టర్ ఉంది. కొన్న కొత్తలో ఒంటి చేత్తో లేచేది. ఈ ఎండాకాలం నుంచి రెండు చేతులు పెట్టినా నడుము పట్టేస్తోంది.

మొన్న ఆదివారం బాపు సగం దాకా లేపి, వంగి స్కూటీ బయటికి తీస్తుంటే షట్టర్ దానంతటదే జారింది. స్కూటీ సీటు మీద పడి ఆగింది. సీటు చిరిగిపోయింది, బాపుకు ఏం కాలేదు. నాకు మాత్రం ఇంకా గుండె దడ తగ్గలేదు. ఆయనేమో "జర డీజిల్ పోస్తే సాఫీ అయితది, గింత దానికి ఎందుకు టెన్షన్" అంటున్నాడు.

నా ప్రశ్నలు ఇవి. డీజిల్ పోయొచ్చా? వీడియోలో ఒకతను పైపు రెంచితో పది నిమిషాల్లో స్ప్రింగు బిగించాడు, అది మనమే చేసుకోవచ్చా? ఫోన్ చేసిన ఫిట్టర్ ఒకతను షట్టర్ చూడకుండానే "మొత్తం మార్చాలి, 26 వేలు" అన్నాడు, నిజమేనా?

మిల్లు_మాట (మిర్యాలగూడ) · జూన్ 9, ఉదయం 8:15

డీజిల్ కాదు తమ్మీ, పాత ఇంజను ఆయిల్ పొయ్యి. మా మిల్లులో 12 షట్టర్లు ఉన్నాయి. అన్నిటికీ ఏడాదికోసారి అదే మందు.

నల్లరేగడి (కల్వకుర్తి) · జూన్ 9, ఉదయం 8:31

ఎండకు ఇనుము సాగుతుంది కదా, అందుకే బిగుసుకుంది. వానలు పడనీ, అదే సర్దుకుంటుంది.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్) · జూన్ 9, ఉదయం 9:02

నల్లరేగడి గారూ, ముప్పై ఏళ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాడిని, ఈ మాట విని ఊరుకోలేను. లెక్క కట్టి చూద్దాం. ఇనుము ఒక మీటరు పొడవు, ఒక డిగ్రీ వేడికి సుమారు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈయన షట్టర్ వెడల్పు 10 అడుగులు, అంటే 3 మీటర్లు. చలికాలం పొద్దుటికీ ఎండాకాలం మధ్యాహ్నానికీ తేడా 30 డిగ్రీలు అనుకున్నా మొత్తం పెరిగేది 1 మిల్లీమీటరు చిల్లర. రెండు వైపులా షట్టర్ పట్టీలు జారే నిలువు గాడిలో, అంటే గైడ్‌లో, పట్టీలకు వదిలే సందు అంతకన్నా చాలా ఎక్కువ. ఎండ మీద నింద వేసి అసలు దొంగను వదిలేయకండి.

నల్లరేగడి (కల్వకుర్తి) · జూన్ 9, ఉదయం 9:10

సార్ క్లాసులో ఉన్నట్టే ఉంది 🙏 బెంచీ ఎక్కి నిలబడ్డా.

పట్టీ_పైపు (సూర్యాపేట) · జూన్ 9, మధ్యాహ్నం 1:25

నేను షట్టర్ ఫిట్టర్‌ని, ఈ పనిలో 19 ఏళ్లు. భోజనం దగ్గర కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ముందు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. పొద్దు అన్నా, ఆ షట్టర్‌ను ఇవాళ్టి నుంచి వాడకండి. కారు, స్కూటీ బయట పెట్టుకోండి. తప్పదు అంటే ఇద్దరు పట్టి పూర్తిగా పైకి లేపి, రెండు గైడ్‌లకూ అడుగు పట్టీ కింద సి-క్లాంపు (మరతో బిగించే ఇనుప పట్టు) బిగించి, అప్పుడు బండి తీయండి. సగం లేపి కింద దూరడం మాత్రం ఎవరూ చేయొద్దు, బాపుతో సహా.

ఇప్పుడు అసలు సంగతి. షట్టర్ లేపేటప్పుడు దాని బరువంతా మనం మోయడం లేదు. 18 గేజ్ (రేకు మందం లెక్క) పట్టీలైతే మీ సైజు షట్టర్ వంద కిలోల అటూ ఇటూ ఉంటుంది. ఒంటి చేత్తో లేచిందంటే పైన పైపుకు ఉన్న స్ప్రింగులు మోస్తున్నట్టు. షట్టర్ దించుతుంటే స్ప్రింగు చుట్టుకుని బిగుస్తుంది, లేపుతుంటే ఆ బలాన్ని తిరిగి ఇస్తుంది. షట్టర్ బరువెక్కింది అంటే షట్టర్ మారలేదు, మోసేవాడు తగ్గాడు అని.

మీ వెడల్పుకు పైపు మీద మూడో నాలుగో స్ప్రింగులు ఉంటాయి. ఒకటి తెగితే మిగతావి కొంత మోస్తాయి. అప్పుడు షట్టర్ లేస్తుంది కానీ సగంలో నిలబడదు. ఎప్పుడైనా పైన "టప్" మని పెద్ద చప్పుడు వచ్చిందా, గుర్తు చేసుకోండి. లేపుతుంటే ఒక పక్కకు ఒరుగుతోందా? ఈ రెండింటికీ జవాబు చెప్పండి.

వీడియో చూసి స్ప్రింగు బిగించడం గురించి. నా ఎడమ చేతి చూపుడు వేలికి పై కణుపు లేదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక కిరాణా కొట్టు షట్టర్‌కు బిగువు ఎక్కిస్తున్నా. రెంచి జారింది. పైపు గిర్రున వెనక్కి తిరిగింది, రెంచి దానితో పాటు తిరిగింది. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయింది. నిచ్చెన మీద ఉన్నాను కాబట్టి కింద కూడా పడ్డా. షట్టర్ పూర్తిగా ఎత్తి ఉన్నా స్ప్రింగులో కొంత బిగువు మిగిలే ఉంటుంది. "ఎత్తే ఉంది కదా, బ్రాకెట్ బోల్టులు విప్పితే ఏమైతది" అనుకున్నవాళ్లే ఎక్కువ దెబ్బలు తిన్నారు. పైన షట్టర్ చుట్టుకునే డబ్బా లోపల ఉన్నది ఏదీ ఇంటివాళ్ల పని కాదు.

మిల్లు సేటు మీద గౌరవం ఉంది కానీ ఇంజను ఆయిల్ మాట వినొద్దు. డీజిల్ అయినా అంతే. పోసిన వారం వెన్నలా నడుస్తుంది. రెండు నెలలకు రోడ్డు దుమ్మంతా దానికి అంటుకుని గైడ్ ఛానల్‌లో నల్లటి ముద్ద తయారవుతుంది. మిల్లుల దగ్గరైతే తవుడు కూడా కలుస్తుంది, ఇక అది సిమెంటే. నేను స్క్రూడ్రైవర్‌తో చెక్కి తీసిన షట్టర్లు ఎన్నో.

మిల్లు_మాట (మిర్యాలగూడ) · జూన్ 9, మధ్యాహ్నం 2:03

మా 7వ నంబరు షట్టర్ ఇద్దరు హమాలీలు లేపాలి. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

పానగల్లు_పొద్దు (నల్లగొండ) · జూన్ 9, సాయంత్రం 6:50

పట్టీ_పైపు అన్నా, వెయ్యి దండాలు. చప్పుడు సంగతి అమ్మ చెప్పింది. ఉగాది తర్వాత ఒక రాత్రి షెడ్డులో పెద్ద చప్పుడైతే పిల్లి డబ్బా పడేసిందనుకున్నారట. లేపేటప్పుడు కుడి పక్క కాస్త కిందికి ఒరుగుతోంది. బాపు "ఎప్పటి నుంచో అట్లనే ఉంది" అంటున్నాడు, అమ్మ కాదంటోంది. ఇంట్లో ఓటింగ్ నడుస్తోంది.

పట్టీ_పైపు (సూర్యాపేట) · జూన్ 9, రాత్రి 9:15

అమ్మ ఓటే చెల్లుతుంది. కుడి వైపు స్ప్రింగు తెగి ఉంటుంది. ఒక స్ప్రింగు మార్చాలంటే మొత్తం షట్టర్ మార్చాల్సిన పని లేదు. పట్టీలు వంగిపోయి ఉంటే, లేదా అడుగు నుంచి మూడు నాలుగు పట్టీలు తుప్పుకు జల్లెడ అయి ఉంటే వాటి వరకే మార్పిస్తారు. చూడకుండా ఫోన్లో రేటు చెప్పినవాడిని పిలవకండి.

వచ్చే ఫిట్టర్‌ను మూడు అడగండి. స్ప్రింగు ఒక్కటే మారుస్తావా, మిగతావి ఎంత పాతవో చూస్తావా? పైపు బేరింగులకు గ్రీజు పెడతావా? అడుగు పట్టీ పైన డబ్బాలోకి దూరిపోకుండా ఆపే స్టాపర్లు రెండు పక్కలా ఉన్నాయా? మూడోది చాలా ఇళ్లలో ఉండదు. బిగువు ఎక్కువైన షట్టర్ విసురుగా లేస్తే అడుగు పట్టీ కూడా చుట్టలోకి వెళ్లి ఇరుక్కుంటుంది. మళ్లీ దించడానికి మాకే చెమటలు పడతాయి.

జడ్చర్ల_వాకిలి · జూన్ 10, ఉదయం 10:20

షట్టర్ల ముచ్చట అవుతోంది కదా, స్లైడింగ్ గేటు గురించి కూడా ఎవరైనా చెప్పండి. మాకు షట్టర్ లేదు, 12 అడుగుల ఇనుప గేటు చక్రాల మీద పక్కకు జరుగుతుంది. మా చిన్నోడికి ఆరేళ్లు, దాని మీద ఎక్కి రైలు ఆట ఆడతాడు. ఎంత చెప్పినా వినడు.

పట్టీ_పైపు (సూర్యాపేట) · జూన్ 10, ఉదయం 11:05

అక్కా, నిజం చెప్పాలంటే నాకు షట్టర్ కన్నా ఆ గేటంటేనే భయం. షట్టర్ గైడ్‌లో ఉంటుంది, గేటు నిటారుగా నిలబడి ఉంటుంది అంతే. పట్టా చివర ఆపే దిమ్మె లేకపోతే, పైన పట్టుకునే రోలర్లు అరిగి ఊగుతుంటే, జోరుగా తోసినప్పుడు గేటు పట్టా దాటి పక్కకు పడిపోతుంది. అది పడితే పెద్దవాళ్లు కూడా ఆపలేరు.

ఇవాళే చూడండి. గేటు పూర్తిగా తెరిచే వైపు, మూసే వైపు, రెండు చివర్లలోనూ గట్టి స్టాపర్ ఉండాలి. పట్టాకు ఊరికే వెల్డింగ్ చుక్క పెట్టిన ముక్క కాదు, కాంక్రీటులో పాతిన ఇనుప దిమ్మె. పైన రోలర్ బ్రాకెట్లు గోడకు బిగుతుగా ఉండాలి. గేటును చేత్తో ముందుకూ వెనక్కూ ఊపి చూడండి, రెండు అంగుళాల కన్నా ఎక్కువ ఊగితే వెల్డింగ్ మేస్త్రీని పిలవండి. చక్రం పట్టా దిగిన గేటును ఒక్కరే ఎత్తి పెట్టే సాహసం వద్దు. పడబోతున్న గేటును పట్టుకోవద్దు, పక్కకు దూకండి.

జడ్చర్ల_వాకిలి · జూన్ 10, మధ్యాహ్నం 12:40

చూశాను. తెరిచే వైపు స్టాపర్ లేనే లేదు! ఇన్నాళ్లూ గోడకు కొట్టుకుని ఆగుతోంది. మేస్త్రీకి ఫోన్ చేశా, సాయంత్రం వస్తానన్నాడు. చిన్నోడి రైలుకు ఇవాళ్టి నుంచి బంద్.

వైరింగ్_వనపర్తి · జూన్ 10, రాత్రి 8:00

షట్టర్ల దగ్గర స్ప్రింగు కన్నా ఎక్కువగా నేను చూసేది కరెంటు. వానలు మొదలవుతున్నాయి కాబట్టి చెబుతున్నా. షెడ్డు బయట బల్బుకో, సీసీ కెమెరాకో, బోరు మోటారుకో వైరును షట్టర్ గైడ్ పక్కనుంచి, కొందరైతే షట్టర్ పైడబ్బా మీదుగా లాగుతారు. షట్టర్ రోజూ కదులుతూ ఆ వైరును రాస్తుంది. ప్లాస్టిక్ అరిగి రాగి బయటపడుతుంది. ఎండాకాలం అంతా ఏమీ తెలియదు. మొదటి వానకు షట్టర్ తడిసి, చెప్పుల్లేని కాళ్లతో తడి గచ్చు మీద నిలబడి హ్యాండిల్ పట్టుకున్నవాడికి తెలుస్తుంది.

కాబట్టి షట్టర్‌ను తాకే ఏ వైరూ ఉండకూడదు. ఉంటే గోడ లోపల పైపులోంచి తీయండి. షట్టర్ ఫ్రేముకు ఎర్తింగ్ ఇవ్వండి. ఇంటి మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. లీకేజీ రాగానే అదే సప్లై కొట్టేస్తుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి పడిపోతోందో లేదో చూడండి. షట్టర్ పట్టుకుంటే సన్నగా జివ్వుమన్నా "వానకు అట్లనే ఉంటది" అనుకోవద్దు. ఎవరికైనా షాక్ తగిలి అతుక్కుపోతే వాళ్లను పట్టుకుని లాగకండి, ముందు మెయిన్ ఆపండి.

డాలస్‌లో_దేవరకొండ · జూన్ 11, ఉదయం 6:10

ఇక్కడ అమెరికాలో ఇంకా సాయంత్రమే, కూర్చుని చదువుతున్నా. మా దేవరకొండ ఇంట్లో షట్టర్, ఇక్కడ గ్యారేజ్ డోర్. రెండింటికీ స్ప్రింగే ప్రాణం. ఇక్కడి తలుపు నాలుగైదు పలకలుగా ఉండి పట్టాల మీద పైకి వెళ్లి పైకప్పు కింద పడుకుంటుంది. తలుపు పైన అడ్డంగా మెలితిరిగే స్ప్రింగు ఉంటుంది. మామూలు స్ప్రింగుకు 10,000 సార్లు తెరిచి మూసే ఆయుష్షు అని లెక్క కడతారు. రోజుకు నాలుగు సార్లు వాడితే ఏడేళ్లకు కాస్త తక్కువ. మాది సరిగ్గా ఏడో ఏట తెగింది, తుపాకీ పేలిందనుకుని పక్కింటాయన బయటికొచ్చాడు. కొన్ని రకాల తలుపులకు రెండు పక్కలా సాగే స్ప్రింగులుంటాయి, వాటి లోపలి నుంచి సేఫ్టీ కేబుల్ పోనివ్వాలి. తెగినా ముక్క ఎగిరి వెళ్లకుండా అది పట్టుకుంటుంది.

మోటారు సంగతి చెబుతాను, అక్కడ కూడా ఇప్పుడు రిమోట్ షట్టర్లు వస్తున్నాయి కదా. తలుపు కింద పిల్లలు నలిగిపోయిన ఘటనల తర్వాత ఇక్కడ చట్టం తెచ్చారు. 1993 జనవరి 1 నుంచి తయారైన ఇళ్ల మోటార్లకు అడ్డం తగిలితే వెనక్కి వెళ్లే ఏర్పాటుతో పాటు ఇంకో రక్షణ కూడా ఉండాలి. ఎక్కువగా అది రెండు పక్కలా ఉండే సెన్సార్ కళ్లు. వాటిని నేల నుంచి 6 అంగుళాలకు మించకుండా పెడతారు, పాకే పిల్ల కూడా కనబడాలి కదా. నెలకోసారి ఒకటిన్నర అంగుళం మందం చెక్కను గడప మధ్యలో పడుకోబెట్టి తలుపు దించుతాం. చెక్కను తాకగానే తిరిగి లేవాలి. లేవకపోతే బాగయ్యే దాకా మోటారు వాడం.

ఊళ్లో రిమోట్ షట్టర్ పెట్టిస్తే ఈ పరీక్ష చేసి చూడమని నా మనవి.

గద్వాల_జరీ · జూన్ 11, ఉదయం 9:30

అయితే పొద్దు గారు మోటారే పెట్టించుకుంటే సరి కదా? బాపుకు లేపే పని ఉండదు.

పట్టీ_పైపు (సూర్యాపేట) · జూన్ 11, మధ్యాహ్నం 1:40

స్ప్రింగు తెగిన షట్టర్‌కు మోటారు పెడితే తెగిన సంగతి దాచిపెట్టినట్టు అవుతుంది. మోటారు వంద కిలోలూ గుంజుతూ గుంజుతూ ఒకరోజు గేరు పళ్లు అరిగి చేతులెత్తేస్తుంది. ముందు చేత్తో తేలిగ్గా లేవాలి, తర్వాతే మోటారు. మా లెక్కలో వంద చదరపు అడుగుల లోపు షట్టర్‌కు చేతి పని చాలు. అది దాటితే గేరు చెయిన్ గానీ మోటారు గానీ ఆలోచించాలి. చవక మోటార్లతో సెన్సార్ కళ్లు రావు, విడిగా కొని పెట్టించుకోవాలి. స్విచ్ షట్టర్ కనబడే చోట ఉండాలి, రిమోట్ పిల్లల చేతికి ఇవ్వొద్దు. కరెంటు పోతే చేత్తో దించే గొలుసు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

గద్వాల_జరీ · జూన్ 11, సాయంత్రం 5:15

ఇంకో సందేహం. మా ఆయన ఈ మధ్య ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారు. మాకూ కింద షట్టర్ షెడ్డు, దాని లోపలి నుంచే పైకి మెట్లు. రాత్రంతా మెట్ల కింద చార్జింగ్ పెడుతున్నారు. అక్కడే ఇన్వర్టర్, పాత పేపర్లు, జనరేటర్ కోసం అయిదు లీటర్ల పెట్రోలు డబ్బా, ఒక గ్యాస్ బండ. నాకు రాత్రిళ్లు అదే ఆలోచన.

వైరింగ్_వనపర్తి · జూన్ 11, రాత్రి 9:05

అక్కా, మీ ఆలోచన తప్పు కాదు, ఆ మెట్ల కింద మీరు బాంబు కట్టి పెట్టారు. కోపం వద్దు, ఒక్కొక్కటే చెబుతా.

మెట్లు పొగ గొట్టం లాంటివి. కింద నిప్పు లేస్తే పొగ ముందు మెట్లే ఎక్కుతుంది, మీరు దిగే దారీ అదే. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. ఎక్కువమంది పై అంతస్తుల్లో పొగకు ఊపిరాడక పోయారు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద రసాయనాల డ్రమ్ములు నిల్వ పెట్టిన చోట నిప్పు లేచినప్పుడూ పై అంతస్తుల వాళ్లే బలయ్యారు.

స్కూటర్‌ను మెట్లకు దూరంగా, షట్టర్ దగ్గరగా, వీలైతే బయట నీడలో పెట్టి చార్జ్ చేయండి. మన ఎండల్లో తిరిగొచ్చిన బండికి వెంటనే ప్లగ్ పెట్టకండి, బ్యాటరీ చల్లారాలి. కంపెనీ చార్జరే వాడండి, గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. అందరూ నిద్రపోయాక కాదు, మెలకువగా ఉన్నప్పుడు. లిథియం బ్యాటరీ అంటుకుంటే మంటలార్పే చిన్న సిలిండర్‌తో ఆరదు, ఆరినట్టు కనబడి మళ్లీ లేస్తుంది. దాంతో పోరాడకుండా బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి.

ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ అవుతుంటే హైడ్రోజన్ అనే మండే వాయువు వస్తుంది, గాలి ఆడే చోట ఉండాలి. దాంట్లో డిస్టిల్డ్ వాటరే పోయండి. మన బోరు నీళ్లు పోస్తే ప్లేట్లు పాడవుతాయి.

పెట్రోలు ఆవిరి, వంట గ్యాసు రెండూ గాలికన్నా బరువు. పైకి పోవు, నేల మీద పాకి షట్టర్ మూసి ఉన్న షెడ్డులో నిండుతాయి. స్విచ్ నిప్పురవ్వ చాలు. పెట్రోలు డబ్బా ఇవాళే తీసేయండి, పెట్రోలు బండి ఏదైనా ఉంటే దాంట్లో పోసేయండి. గ్యాస్ బండను గాలి ఆడే వంటింట్లోకి మార్చండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకండి, ఆపకండి, బయటికి వచ్చి 1906కి చెప్పండి.

ఇంకొకటి, రాత్రి షట్టర్‌కు తాళం వేసి తాళంచెవి ఒక్కరి దిండు కింద పెట్టుకునే అలవాటు. పైన అద్దెకున్నవాళ్లకు వేరే దారి లేకపోతే వాళ్ల దగ్గరా ఒక తాళంచెవి ఉండాలి.

గద్వాల_జరీ · జూన్ 11, రాత్రి 10:30

పెట్రోలు డబ్బా బయటికి వెళ్లింది. గ్యాస్ బండ రేపు పొద్దున. పాత పేపర్లు అత్తమ్మవి, వాటికి చర్చలు జరగాలి.

నల్లరేగడి (కల్వకుర్తి) · జూన్ 12, ఉదయం 7:00

సార్లూ, ఒక సందేహం. షెడ్డులో కారు స్టార్ట్ చేసి ఇంజను వేడెక్కేదాకా పది నిమిషాలు ఉంచుతాను, కుక్కలు లోపలికి రాకుండా షట్టర్ దించి. ఇదీ తప్పేనా?

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్) · జూన్ 12, ఉదయం 7:25

ఈసారి బెంచీ మీద కాదు నాయనా, వెంటనే బయటికి రా. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, తర్వాత మగత. మగత వచ్చాక షట్టర్ లేపే ఓపిక ఉండదు. మూసిన షెడ్డులో జనరేటర్ నడపడం, ఏసీ కోసం కారు ఇంజను వేసి అందులో పడుకోవడం, చలికి షట్టర్ దించి బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవడం, అన్నీ ఒకటే. ఇప్పటి కార్లకు పది నిమిషాలు వేడి చేసే అవసరం కూడా లేదు. స్టార్ట్ చేసి అర నిమిషానికి మెల్లగా బయల్దేరొచ్చు.

డాలస్‌లో_దేవరకొండ · జూన్ 12, ఉదయం 7:50

జనరేటర్‌ను ఇంటి కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో పెట్టమని ఇక్కడ చెబుతారు. షట్టర్ సగం తెరిచి లోపల నడిపినా చాలదు. గ్యారేజ్ పక్క గదిలో మోనాక్సైడ్ అలారం పెట్టుకుంటాం.

నల్లరేగడి (కల్వకుర్తి) · జూన్ 12, ఉదయం 8:00

రేపటి నుంచి కారు బయట స్టార్ట్ చేస్తా. కుక్కల సంగతి కుక్కలకు చెబుతా.

అచ్చంపేట_అంచు · జూన్ 12, సాయంత్రం 4:20

మాది అడవి అంచున ఇల్లు. షట్టర్ కింద అంగుళం సందు ఉంది. వానలు పడితే తేళ్లు, జెర్రులు, ఒకసారి నాగుపాము కూడా వచ్చింది. అడుగున మందం రబ్బరు పట్టీ కొట్టించి సందు మొత్తం మూసేద్దామనుకున్నా. కానీ పైన వైరింగ్ అన్న చెప్పింది చదివాక ఆగిపోయా. గ్యాసు, పెట్రోలు ఆవిరి నేల మీద నిలుస్తాయి అంటే, నేను సందు మూసేస్తే అవి ఎటు పోతాయి?

వైరింగ్_వనపర్తి · జూన్ 12, సాయంత్రం 6:00

మంచి ప్రశ్న. రెండూ కావాలంటే సందు మూయండి, బదులుగా పక్క గోడకు నేల దగ్గర ఒక జాలీ, పైన ఒక జాలీ పెట్టండి. కింది జాలీకి దోమల జాలీ కాదు, ఎలుకలు కొరకని సన్న కన్నుల ఇనుప జాలీ. ఎలుక రాకపోతే దాని వెనక వచ్చే పామూ రాదు. కారు ఇంజనులో వైర్లు కొరికే బాధ కూడా తగ్గుతుంది.

పట్టీ_పైపు (సూర్యాపేట) · జూన్ 12, రాత్రి 8:45

రబ్బరు బదులు బ్రష్ పట్టీ వేయించండి. రబ్బరు మన ఎండకు రెండేళ్లలో పెళుసెక్కి చీలుతుంది. గచ్చు ఎత్తుపల్లాలుంటే బ్రష్ వెంట్రుకలు సర్దుకుంటాయి. అయితే ఎంతో కొంత బరువు కలుస్తుంది, కాబట్టి పట్టీ కొట్టించాక షట్టర్ నడుము ఎత్తులో నిలబడుతోందా చూడండి. పక్కన నిలబడి లేపాలి, కింద ఎవరూ ఉండకూడదు, చేయి మొత్తం తీయకుండా పట్టు వదలాలి. నిలబడితే సరే. కిందికి జారితే బిగువు తక్కువ, పైకి దూకితే ఎక్కువ, రెండింటికీ ఫిట్టరే.

చీకట్లో షట్టర్ హ్యాండిల్‌కు చేయి పెట్టే ముందు లైటు వేయండి, తేలుకు ఆ సందంటే ఇష్టం. పట్టీల మధ్య వేళ్లు పెట్టి లేపడం ఎప్పుడూ వద్దు, చుట్టుకునేటప్పుడు అవి కత్తెరే.

పానగల్లు_పొద్దు (నల్లగొండ) · జూన్ 15, రాత్రి 9:40

అందరికీ రిపోర్టు ఇవ్వాలి కదా. గడియారం సెంటర్ దగ్గర దుకాణం ఉన్న ఫిట్టర్ ఇవాళ వచ్చాడు. వాళ్ల అబ్బాయి కూడా వచ్చాడు, ఒక్కడే ఈ పని చేయనన్నాడు. ఆ మాటకే సగం నమ్మకం కుదిరింది.

పైన డబ్బా రేకు తీస్తే నాలుగు స్ప్రింగులు. కుడి చివరిది రెండు ముక్కలు. పక్కదాని మీద కూడా తుప్పు గీతలున్నాయని రెండూ మార్చాడు. ఎడమ గైడ్‌లో కందిరీగల గూడు, దాని కింద డీజిల్ ముద్ద. బాపు రెండేళ్లుగా మాకు చెప్పకుండా పోస్తున్నాడట! అడుగు పట్టీ లోపలి నుంచి తుప్పు పట్టింది. రోజూ బోరు నీళ్లతో షెడ్డు కడిగితే ఆ నీళ్లు పట్టీలోనే నిలుస్తాయన్నాడు. అదొక్కటి కొత్తది వేసి, నీళ్లు కారడానికి చిన్న రంధ్రాలు పెట్టాడు. స్టాపర్లు లేవు, రెండు పక్కలా పెట్టాడు. బేరింగులకు గ్రీజు. గైడ్‌లను పొడి బట్టతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టాడు. ప్రతి దసరాకు ఆయుధ పూజకు ముందు ఈ తుడవడం, స్ప్రే కొట్టడం వరకు మీరే చేసుకోండి, మిగతాది మాకు వదిలేయండి అన్నాడు.

మొత్తం 4,200 అయింది. 26 వేలు అన్నవాడికి ఫోన్ చేసి చెప్పాలని ఉంది కానీ అమ్మ వద్దంది.

వైరింగ్ అన్నా, మీరు చెప్పాక చూశాను, కెమెరా వైరు గైడ్‌కు ఆనుకునే ఉంది. ఒక చోట ప్లాస్టిక్ తెల్లగా అరిగింది. తీయించేశా.

ఇప్పుడు షట్టర్ ఒంటి చేత్తో లేస్తోంది. కొత్త సమస్య ఏంటంటే, సాయంత్రం నుంచి బాపు వచ్చినవాళ్లందరికీ "చూడు, చిటికెన వేలితో లేస్తది" అని లేపి దించి చూపిస్తున్నాడు. ఇప్పటికి ముప్పై సార్లు దాటింది.

డాలస్‌లో_దేవరకొండ · జూన్ 15, రాత్రి 10:05

పది వేలల్లో ముప్పై పోయాయి. మిగిలింది 9,970.

పట్టీ_పైపు (సూర్యాపేట) · జూన్ 15, రాత్రి 10:20

బాపుకు నా నమస్కారం చెప్పండి. కింద నిలబడకుండా పక్కనుంచి లేపుతున్నాడా, అది చూసి చెప్పండి.

పానగల్లు_పొద్దు (నల్లగొండ) · జూన్ 15, రాత్రి 10:31

పక్కనుంచే. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది.